ముందు నేనే చదవాలి

ఆసుపత్రి టెలిఫోను గది
సోమవారం, భోజనాల వేళ

నాలుగో మంచానికి,

మన అంధుల బడి వదిలి ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పటికీ నిన్ను పేరు పెట్టి పిలవాలంటే నాకు నోరు రాదు. హాస్టల్లో వార్డెనమ్మ మంచాలకు పెట్టిన అంకెలే మనకు పేర్లయిపోయాయి, ఏం చేస్తాం.

అరగంట తీరిక దొరికింది. బ్రెయిలీ పలకా సూదీ ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా చుక్క వంకర పోతే ఎవరో డాక్టరు కోసం ఫోను చేశారని అర్థం చేసుకో.

శనివారం నా బ్యాంకు స్టేట్‌మెంటు వచ్చింది. ఎప్పటిలాగే అన్నయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదివాడు. మా అన్నయ్య మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను, నువ్వు ఒంటికాలి మీద లేవకు. నా సొమ్ములో చిల్లిగవ్వ ముట్టడు. కానీ ఆయన చదివే తీరు ఇదీ.

"జీతం పడిందే. అమ్మో, చెప్పులకి ఇంత పోశావా?"

వంటింట్లోంచి వదిన అందుకుంది. "ఆ గోధుమరంగువేనా? బాగున్నాయిలెండి, వదిలెయ్యండి."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, అన్నీ బ్యాంకు గొడవలు."

"ఆ గొడవలే చదువు అన్నయ్యా."

"ఎందుకే, నేను చూస్తున్నాగా?" అని కాగితం మడిచేశాడు.

మర్నాడు పక్కింటావిడ మెట్ల మీద నన్నాపి ఆ చెప్పులు ఎక్కడ కొన్నావని అడిగింది. ధర నేను చెప్పక్కర్లేకుండా ఆవిడే చెప్పింది.

నాకు నలభై నాలుగేళ్ళు. రోజుకు ఆరు వందల ఫోన్లు కలుపుతాను. ఎవరి తండ్రి పోయాడో, ఎవరికి కవలలు పుట్టారో అందరికంటే ముందు నాకు తెలుస్తుంది, ఆ మాట నా నోరు దాటి బయటికి పోదు. నా జీతం సంగతి మాత్రం మెట్ల మీద తిరుగుతోంది. ఈ రోజు పొద్దున బ్యాంకుకు వెళ్ళి అడిగితే, కావాలన్నవాళ్ళకు చుక్కల్లో అచ్చేసి పంపుతామంది కౌంటరులో అమ్మాయి. అక్కడికక్కడే అర్జీ పెట్టేశాను. నా కాగితం నాకు మా అన్నయ్య గొంతులోంచి కాకుండా నా వేళ్ళ కిందికి రావాలి. ముందు నేనే చదవాలి. నాకు ఇంకేమీ వద్దు.

ఈ మధ్య కాలు ఒకచోట నిలవడం లేదే. ఇక్కడ గదిలో ముగ్గురం, ఇంట్లో నలుగురం, అంతకుముందు హాస్టల్లో పన్నెండుమందిమి. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్కదాన్నే ఉన్న గది ఒక్కటి గుర్తు చేసుకుందామంటే స్నానాలగది తప్ప ఇంకేదీ తట్టలేదు.

ఫోను మోగుతోంది.

మూడో మంచం


అచ్చాఫీసు హాస్టల్, పై అంతస్తు
శుక్రవారం

మూడో మంచానికి,

నవ్వి నవ్వి నా కడుపు చెక్కలైంది. ఆ అర్జీ ఎక్కడికి వచ్చి పడుతుందనుకున్నావు? మా అచ్చాఫీసుకే! మీ బ్యాంకు చుక్కల స్టేట్‌మెంట్లన్నీ పోయిన నెల నుంచి మేమే వేస్తున్నాం. బ్యాంకు వాళ్ళు లెక్కలు పంపిస్తారు, మా మిషను వాటిని దడదడమంటూ చుక్కలుగా పొడుస్తుంది. ఆ చప్పుడుకు పళ్ళు కూడా అదురుతాయి.

మిషను మంచిదే కానీ మొండిది. కాగితం ఇరుక్కుని ఆగిందంటే, మళ్ళీ మొదలెట్టినప్పుడు ఆఖరి వరసను రెండోసారి కొడుతుంది. అందుకే మేం ప్రతి యాభైలో ఒకటి తీసి చదువుతాం. పాడైపోయి మళ్ళీ వెయ్యమన్నవైతే ప్రతిదీ చదువుతాం. చదవడానికి ఇద్దరం ఉంటాం. సిరా కాగితం చూసి ఒకాయన పైకి చదువుతాడు, నేను చుక్కల మీద వేళ్ళు నడుపుతూ సరిపోయిందో లేదో చెబుతాను. ఆయన్ని మేం రేడియో అంటాం. మనిషి చావైనా మందుల షాపు బిల్లైనా ఒకే గొంతుతో, వార్తలు చదివినట్టు చదువుతాడు.

చదివింది గదిలోనే వదిలెయ్యాలని మేనేజరు మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. కాబట్టి నీది నా చేతికి వచ్చినా నువ్వెవరో నేనెరుగను. చెప్పులు కొనుక్కో, గొడుగులు కొనుక్కో, నా వేళ్ళకు మతిమరుపు.

అది సరే, మన ఇంటి సంగతి. ఇక్కడ గదికి నలుగురం. ఒకామె నిద్రలో పాఠాలు చెబుతుంది, ఒకామె కిటికీ తెరవనివ్వదు. పద్నాలుగేళ్ళప్పుడు మనం అనుకున్నాం చూడు, రెండు మంచాల ఇల్లు, ఎవరి అరుపులూ లేని ఇల్లు, అది తలుచుకునే నేను ఇక్కడ నెట్టుకొస్తున్నాను. నా పెట్టెలో రెండు పళ్ళేలు, రెండు గ్లాసులు ఎనిమిదేళ్ళ నుంచి ఉన్నాయి. నెలకోసారి తీసి తోమి మళ్ళీ పెడతాను. ఇంక ఎంతో కాలం పట్టదు. నువ్వు కూడా కాస్త వెనకేసుకుంటూ ఉండు.

నాలుగో మంచం


ఇల్లు, ముందు గది
ఆదివారం

నాలుగో మంచానికి,

వచ్చిందే! నిన్న సాయంత్రం వచ్చింది. మొదటిసారి గబగబా చదివాను. రెండోసారి నింపాదిగా చదివాను. మూడోసారి ఊరికే చదివాను.

అన్నయ్య చెప్పే బ్యాంకు గొడవలేమిటో ఇప్పుడు తెలిసింది. నేను ఏనాడూ వాడని చెక్కు పుస్తకానికి ఏటేటా రుసుము పట్టుకుంటున్నారు. ఎప్పుడో ఒప్పుకున్నానట, ఏదో బీమాకు నెలనెలా కొంత పోతోంది. అన్నయ్య దోచుకోలేదు, దాచనూ లేదు. చిన్నవే కదా, దీనికెందుకు చెప్పడం అనుకున్నాడు, అంతే. సోమవారం వెళ్ళి రెండూ ఆపించేస్తాను.

నేను చదువుతున్నంతసేపూ అన్నయ్య బల్లకు అవతల కూర్చునే ఉన్నాడు. కుర్చీ కిర్రుమంటూనే ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఏముందే అందులో?"

"బ్యాంకు గొడవలు అన్నయ్యా," అన్నాను.

వదిన ఫక్కున నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. లేచి వెళ్ళి పంపు కట్టేశాడు, అది అంతకుముందే కట్టేసి ఉంది. నాకు పాపం అనిపించింది. అయినా కాగితం మాత్రం దిండు కింద పెట్టుకునే పడుకున్నాను.

ఇంటి సంగతి తర్వాత రాస్తాను.

మూడో మంచం


అచ్చాఫీసు హాస్టల్
బుధవారం

మూడో మంచానికి,

తర్వాత రాస్తానని నెలన్నర అయింది. మధ్యలో నువ్వు రాసిన రెండు ఉత్తరాల్లోనూ డాక్టర్ల కబుర్లు, కొత్త స్విచ్‌బోర్డు కబుర్లు. ఇంటి మాటెత్తితే నీళ్ళు నములుతున్నావు.

వినవే, ఒక ఇల్లు దొరికేలా ఉంది. మా రేడియో బంధువులది, కుట్టు కొట్టు వెనక రెండు గదులు. నువ్వు బస్సు ఎక్కితే నలభై నిమిషాల్లో ఆసుపత్రికి చేరుతావు. నేను వెళ్ళి గోడలు తడిమి వచ్చాను. రెండు మంచాలు వేశాక కూడా మధ్యలో మనిషి నడిచే చోటుంది. ముందుగా కొంత సొమ్ము కట్టాలి, సగం నాది సగం నీది. వాళ్ళు మూడు నెలలు ఆగుతారట. నీ దగ్గర ఉంటుందా? ఉంటుందనే నా ధైర్యం. అవునో కాదో ఒక్క ముక్క రాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు నాకు.

నాలుగో మంచం


ఆసుపత్రి టెలిఫోను గది
గురువారం, వాన

నాలుగో మంచానికి,

నీ ఇంటి మాటకు ఇంకో వారంలో రాస్తాను. కోప్పడకు. ఇక్కడ ఇంకో ఉపద్రవం వచ్చి పడింది.

మూడు నెలల స్టేట్‌మెంటు మొన్న మంగళవారం వచ్చింది. జడివాన. కవరు పెట్టెలోంచి తీసేసరికే నానిపోయి ఉందట. నేను డ్యూటీలో ఉన్నాను. అన్నయ్య కంగారుపడి, "దీనికి ఇది ప్రాణం, ఆరిపోయేలా చూద్దాం" అని ఇస్త్రీపెట్టె వేడి చేశాడు. చుక్కల వైపు కాదట, వెనక వైపు నుంచి, పైన పల్చటి గుడ్డ కూడా వేసి మరీ చేశాడట. నేను ఇంటికి వచ్చేసరికి కాగితాలు వెచ్చగా, చక్కగా ఆరిపోయి, నా అరచేయంత చదునుగా ఉన్నాయి. అక్కడొకటి ఇక్కడొకటి చుక్క తగులుతోంది తప్ప మాట లేదు, అంకె లేదు.

"వెనక నుంచి చేస్తే ఏం కాదనుకున్నానే," అన్నాడు. "కావాలంటే సిరా కాగితం తెప్పించి నేను చదివి పెడతా."

వద్దన్నాను. గట్టిగానే అన్నాను. నిన్న బ్యాంకుకు వెళ్ళి మళ్ళీ వెయ్యమని రాసిచ్చాను. త్వరగా వచ్చేలా చూడు, ఈసారి నాకది తొందరగా కావాలి. ఎందుకని అడగకు.

మూడో మంచం


అచ్చాఫీసు హాస్టల్
శనివారం

మూడో మంచానికి,

నీ కాగితాలు నిన్న పంపేశాం. రెండు రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఇంక నావల్ల కాదు. నా ఉద్యోగం పోయినా సరే రాస్తున్నాను.

మళ్ళీ వేసినవి కాబట్టి పూర్తిగా చదవాల్సి వచ్చింది. రేడియో చదువుతున్నాడు, నేను వేళ్ళు నడుపుతున్నాను. పైన నీ పేరు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను, వెళ్ళలేదు. మొదటి నెల ఐదో తారీకున ఒక మొత్తం ఎవరో ఆడమనిషి ఖాతాకు పోయింది. రెండో నెల ఐదో తారీకున అంతే మొత్తం, ఆ ఖాతాకే. మూడో నెలా అంతే. నీ జీతంలో మూడో వంతు! ఆ పేరు నీ నోట నేనెప్పుడూ వినలేదు. నీకు అప్పులు లేవు, చీటీలు లేవు. నీ గురించి నాకు తెలియనిదేముంది?

నాకు ఒకటే తోచింది. చిన్నప్పటి నుంచి చుక్కలు చూస్తూ పెరిగినవాడు, నీ పుస్తకాలు మోసినవాడు, చుక్కల మీద ఇస్త్రీపెట్టె పెడతాడా? సరిగ్గా ఆ మూడు నెలల కాగితం మీదే పెడతాడా? ఏమో తల్లీ, ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది నువ్వు. నీ సంతకం ఎవరెవరి దగ్గర ఉందో చూసుకో. వెంటనే బ్యాంకుకు వెళ్ళు. తోడు కావాలంటే నేను సెలవు పెట్టి వస్తాను.

నీ చెవిన వేయకపోతే నా మనసు ఊరుకోదు. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

నాలుగో మంచం


ఆసుపత్రి టెలిఫోను గది
మంగళవారం

ప్రూఫ్ రీడరు గారికి,

కాగితాలు అందాయి. మీ ఉత్తరం వాటికంటే ఒకరోజు ముందే అందింది. అంటే ఈసారి కూడా నా ఖాతాలో ఏముందో ఇంకొకళ్ళు చదివి చెబితేనే నాకు తెలిసింది. మా అన్నయ్య నయం, కనీసం నా ఎదురుగా కూర్చుని చదివేవాడు.

అన్నయ్య దొంగ కాడు. ఆ ఐదో తారీకు మొత్తం పంపింది నేను. గడియారాలు బాగుచేసే కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఆడమనిషి కొట్టు యజమానురాలు. మూడు నెలలైంది. ఆ అద్దె సరిగ్గా పోతోందో లేదో చూసుకుందామనే కాగితం తొందరగా కావాలన్నాను. ఇంట్లో తెలియదు. నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది, నాలుగున్నరకు అయిపోతుందని ఇంట్లో చెప్పాను. ఆ రెండున్నర గంటలు అక్కడ ఉంటాను. మీరు ఖాతా చదివారు కాబట్టి తక్కినది కూడా చెప్పేస్తున్నాను, సగం తెలిసి ఊహలు అల్లుకోవడం కంటే నయం.

ఆ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ ఉన్నాయి. గోడ నుంచి గోడకు తొమ్మిది అడుగులు. కింద కొట్టులో గడియారాలు ఒక్కొక్కటి ఒక్కొక్క వేళకు గంట కొడతాయి, ఏదీ సరైన టైము చెప్పదు. నేను ఏమీ చెయ్యను. అటూ ఇటూ నడుస్తాను, కూర్చుంటాను, మళ్ళీ నడుస్తాను. మొదటి వారంలో గుమ్మానికి రెండుసార్లు కాలు కొట్టుకుంది. అయ్యో అనేవాళ్ళు, జాగ్రత్త అనేవాళ్ళు ఎవరూ లేరు. నొప్పి పుట్టింది, హాయిగా కూడా ఉంది.

ఒకటే మంచం ఎందుకని అడుగుతారు కదా. ఆ సంగతి చెప్పలేకే ఇన్నాళ్ళూ నీళ్ళు నమిలాను. నాకు ఇంకొకళ్ళతో ఉండాలని లేదు. అన్నయ్యతో కాదు, మీతో కూడా కాదు. మీ మీద ప్రేమ లేక కాదు. పద్నాలుగేళ్ళప్పుడు అనుకున్న మాట నాకిప్పుడు సరిపోవడం లేదు, ఆ ముక్క చెప్పే ధైర్యం నాకు చాలలేదు. అది నా తప్పే.

కానీ ఆ గది గురించి మీకు నేను చెప్పాలి. ఎప్పుడు చెప్పాలో నేను చూసుకోవాలి. మీ రేడియో వార్తలు చదివినట్టు పైకి చదవడానికా నేను అన్నయ్య చేతిలోంచి ఆ కాగితం లాక్కున్నది? ఆ గదిలో ఇంకా ఎంతమంది ఉన్నారు వినడానికి?

మీరు చదివేది కాగితమే అనుకున్నారు. అక్కడ నేనున్నాను.

ఇక రాయను.


అచ్చాఫీసు హాస్టల్
గురువారం

మూడో మంచానికి,

ఇలాగే పిలుస్తాను, నువ్వు ఏమన్నా సరే. గారూ మీరూ నాకు పడవు.

వినడానికి ఇంకో ఇద్దరు ఉన్నారు. అట్టపెట్టెలు కట్టే ఆమె, టీ తెచ్చే ఆయన. అడిగావు కాబట్టి చెప్పాను. ఆ మాట రాస్తుంటే నా చెవులు కాలిపోతున్నాయి. సంతకం పెట్టినప్పుడు చదివింది బయటికి చెప్పకపోతే చాలనుకున్నాను. చదవడమే తప్పవుతుందని నా బుర్రకు తట్టలేదు. అన్నయ్య చదివితే నీకు కంపరం పుడుతుంది, నేను చదివితే ఏమవుతుందిలే, నేను నువ్వే కదా అనుకున్నాను. మీ అన్నయ్య కూడా ఇలాగే అనుకుని ఉంటాడు. ఆయన్ని దొంగను చేశాను, ఏ ముఖం పెట్టుకుని ఆయనకు ఎదురుపడను?

తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు నా బాధ కూడా విను. నాతో ఉండాలని లేదని నువ్వు ఎనిమిదేళ్ళ కిందటే అనేసి ఉంటే ఎనిమిదేళ్ళు రెండో పళ్ళెం తోమేదాన్ని కాదు. నిన్న కుట్టు కొట్టు వాళ్ళకు వద్దని చెప్పి వచ్చాను. వచ్చే దారిలో బస్సులో ఏడ్చాను. పక్క సీటు ఆయన దిగాల్సిన స్టాపు చెప్పమంటావా అమ్మా అని అడిగాడు. కళ్ళు లేనందుకు ఏడుస్తున్నాననుకున్నాడు కాబోలు. కాదు, పళ్ళేల గురించి అని చెప్పాను.

నీ మీద కోపంగా ఉంది. నా మీద అంతకంటే కోపంగా ఉంది. రాయవే.

నాలుగో మంచం


అచ్చాఫీసు హాస్టల్
ఐదు వారాల తర్వాత, సోమవారం

మూడో మంచానికి,

పోస్టుమ్యాన్ వచ్చే వేళకు మెట్ల మీద కూర్చోవడం నాకు అలవాటైపోయింది. నీ నుంచి ఏమీ రాలేదు. అయినా నీకు తెలియాల్సినవి ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

మేనేజరు దగ్గరికి వెళ్ళి చదివిందీ, బయటికి రాసిందీ చెప్పేశాను. పేరు చెప్పలేదు. ఆయన నా కుర్చీ మార్చేశారు. మూడు నెలలు చదివే బల్ల దగ్గరికి రాకూడదు, కింద ప్యాకింగులో కూర్చోవాలి. సరేనన్నాను. పోతూ పోతూ ఒక మాట అడిగాను. "సార్, బతికున్న మనుషులవి మనమెందుకు చదవాలి? లేని మనిషి పేరుతో ఒక ఖాతా తయారుచేద్దాం. రోజూ పొద్దున దాన్ని మిషనులో వేసి దాన్నే చదువుదాం. అది సరిగ్గా వస్తే తక్కినవి చదవకుండా మూసి పంపుదాం."

"మధ్యలో కాగితం ఇరుక్కుని వరస రెండుసార్లు పడితే?"

"పడితే ఆవిడ పట్టుకుంటుంది సార్."

"ఏ ఆవిడ?"

"ఎవరి ఖాతా అయితే వాళ్ళు," అని సర్దుకున్నాను.

ఆయన వారం రోజులు గొణిగి, బ్యాంకు వాళ్ళతో మాట్లాడి చివరికి ఒప్పుకున్నారు. లేని మనిషి ఖాతా తయారుచేసే పని రేడియోకి ఇచ్చారు. ఆ మనిషి చేత మొదటి వారంలోనే పదకొండు గొడుగులు కొనిపించాడు. ఎందుకయ్యా అంటే "మనం చదివి నవ్వుకోవచ్చు కదా, ఎవరికీ నొప్పి ఉండదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ రోజు చదివిన ఖాతా మనిషికి నా తరఫున కూడా క్షమించమని చెప్పండి అన్నాడు. ఆయన గొంతు తగ్గించగా వినడం నాకు అదే మొదలు.

ఈ నెల నీ కవరు ప్యాకింగులో నా చేతికే వచ్చింది, పైన చుక్కల్లో నీ పేరు తగిలింది. లోపల వేలు పెట్టలేదు. బరువు చూశాను, అంతే. మూడు కాగితాలు. అటూ ఇటూ అట్ట పెట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి అంటించాను. మీ అన్నయ్యకు ఇస్త్రీ పని తప్పించాను. అందులో తప్పులుంటే ఉండవచ్చు, మా దగ్గర ఎవరూ చూడలేదు.

నువ్వు రాయకపోయినా ఇకమీదట ఇలాగే పంపుతాను.

నాలుగో మంచం


గడియారాల కొట్టు పైన
ఆదివారం

నాలుగో మంచానికి,

తప్పు దొరికింది!

ఏ సంగతైనా దీని తర్వాతే. కవరు బుధవారం వచ్చింది, ఈ గదికే వచ్చింది. చిరునామా మార్పించాను, ఇకమీదట నెలనెలా పంపమన్నాను. సంచి కోసి, అట్టలు తీసి చదివాను. రెండో కాగితం చివర నా అద్దె వరస ఉంది. మూడో కాగితం మొదట్లో మళ్ళీ అదే వరస. అదే తారీకు, అదే మొత్తం. రెండుసార్లు పోయిందేమో! బళ్ళో లెక్కలు చేసిన పూసల చట్రం తీసి మొదటి నుంచి కూడి చూశాను. ఒక్కసారి పోతేనే చివరి అంకె కుదురుతోంది. రెండుసార్లు పోతే కుదరడం లేదు. అయినా ఊరుకోబుద్ధి కాలేదు, బ్యాంకుకు ఫోను చేశాను.

అతను వెతికి, "మా దగ్గర ఒక్కసారే ఉంది మేడమ్. చుక్కల కాగితంలో వరస రెండోసారి పడినట్టుంది," అన్నాడు. తర్వాత, "ఇది మీకెవరు చదివి పెట్టారు?" అన్నాడు.

"ఎవరూ పెట్టలేదు. నేనే చదువుకున్నాను."

"అంటే ఇంట్లో ఎవరైనా..."

"ఇంట్లో ఎవరూ లేరు బాబూ," అన్నాను. ఆ మాట అంటుంటే నాకు నవ్వు ఆగలేదు. అతను ఏమనుకున్నాడో ఏమో.

మీ మేనేజరుకు చెప్పు, ఆవిడ పట్టుకుందని. మీ రేడియోకు కూడా చెప్పు. ఆయన మీద నాకు కోపం పోయింది. నీ మీద ముప్పాతిక పోయింది. తక్కిన పావు ఉండనీ, పూర్తిగా పోతే నువ్వు నెత్తికెక్కుతావు.

నీ ఉత్తరాలు రెండూ దాచాను. మొదటిదానికి జవాబు రాద్దామని నాలుగుసార్లు పలక తీశాను. పళ్ళేల దగ్గర నాకు చెయ్యి ఆగిపోయింది. నువ్వు నోరు తెరిచి చెప్పిన ఆశను నేను మౌనంగా ఎనిమిదేళ్ళు మోయనిచ్చాను. నువ్వు నా కాగితం ఒక్కసారి చదివావు, నేను నిన్ను అన్నేళ్ళు చదవనట్టు నటించాను. క్షమించవే.

అన్నయ్యకు పోయిన నెల చెప్పాను. "నేనేం తక్కువ చేశానే?" అన్నాడు. "ఏమీ తక్కువ చెయ్యలేదు అన్నయ్యా, అదే," అన్నాను. వదినకు ముందు అర్థమైంది. ఆయనకు పది రోజులు పట్టింది. పదకొండో రోజు నా బట్టల పెట్టె తనే మోసుకుని ఈ మెట్లెక్కాడు. గుమ్మం దగ్గర ఆగి "జా" అన్నాడు. జాగ్రత్తలో తక్కిన ముక్క మింగేశాడు. పెట్టె దించి, కిటికీ తెరిచి, "గాలి బాగా వస్తోంది" అన్నాడు. అది నిజమే, బాగా వస్తుంది. ఆయన వెళ్ళాక నేనూ కాస్త ఏడ్చాను.

నువ్వు ఆయన్ని అనుమానించిన సంగతి ఆయనకు చెప్పలేదు, ఎప్పటికీ చెప్పను. దర్జాగా ఎదురుపడు.

వచ్చే ఆదివారం రా. మెట్లు పదహారు, ఏడోది విరిగింది. నీ పెట్టెలోంచి ఒక గ్లాసు తీసుకురా, ఒకటే. అది ఇక్కడ నీ కోసం ఉంటుంది, రెండోది నీ దగ్గర నా కోసం ఉండనీ. పళ్ళేలు కూడా అంతే.

పైకి వచ్చాక తలుపు తట్టు. నేను ఎవరూ అని అడుగుతాను. మెట్ల మీద నీ అడుగులు గుర్తుపట్టినా సరే, అడిగాకే తీస్తాను. ఇన్నేళ్ళలో నా తలుపు అని ఒకటి లేక, ఆ మాట ఎవర్నీ అడగలేదు.

మూడో మంచం